కుండలో చీటీలు తీసిన మండపం: పురావస్తు శాఖ వారికి ఒక బహిరంగ లేఖ

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ చెన్నై సర్కిల్ అధికారులకు, ఉత్తరమేరూరు పట్టణ పంచాయతీ పెద్దలకు నమస్కారం.

నేను తిరుపతి జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. తమిళం మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. అందుకే ఈ ఉత్తరాన్ని తెలుగులో రాశాను. మా స్కూల్లో తమిళం తెలిసిన టీచరమ్మ ఒకరు దీన్ని తమిళంలోకి మార్చి ఇస్తానన్నారు. ఆ ప్రతిని మీ కార్యాలయానికి పోస్టులో పంపిస్తున్నాను. తెలుగులో కూడా అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కంచికి వెళ్ళే తెలుగువాళ్ళు ఏడాది పొడుగునా ఉంటారు. కంచి నుంచి ఉత్తరమేరూరు 30 కిలోమీటర్ల లోపే. అయినా అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్ళినా, మూడంతస్తుల్లో మూడు గర్భగుళ్ళున్న సుందర వరదరాజ పెరుమాళ్ కోవెల చూసి వెనక్కి వచ్చేస్తారు. నేను రాస్తున్నది అదే ఊళ్ళో ఉన్న వైకుంఠ పెరుమాళ్ గుడి గురించి, చోళుల కాలంలో దాని గోడల మీద చెక్కిన ఊరి సభ నిబంధనల శాసనం గురించి.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఎన్నికల డ్యూటీలు చేశాను. మొదట పోలింగ్ ఆఫీసర్‌గా, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. ముందు రోజు పొద్దున్నే డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో సామాను లెక్క చూసుకుని, బస్సెక్కి, చీకటి పడేసరికి ఏదో ఒక ఊరి బడికి చేరి, బెంచీల మీద నడుం వాల్చడం నాకు అలవాటే. 2021లో మా వైపు పంచాయతీ ఎన్నికలు బ్యాలెట్ పేపర్లతో జరిగాయి. సర్పంచికి గులాబీ రంగు కాగితం, వార్డు మెంబరుకి తెల్ల కాగితం. ఓటింగు మొదలయ్యే ముందు ఖాళీ పెట్టెను పైకెత్తి, వంచి, లోపల ఏమీ లేదని ఏజెంట్లందరికీ చూపించాను. తర్వాత పేపర్ సీలు వేసి వాళ్ళ సంతకాలు తీసుకున్నాను. ఆ కొద్ది నిమిషాల టెన్షన్ ఎలా ఉంటుందో డ్యూటీ చేసినవాళ్ళకే తెలుస్తుంది. గదిలో ఉన్న కళ్ళన్నీ మన చేతుల మీదే ఉంటాయి.

ఆ ఎన్నికలు అయిన కొన్నాళ్ళకు ఉత్తరమేరూరు వెళ్ళాను. ఏడో తరగతికి చోళుల పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ ఊరి పేరు పలికాను గానీ, అప్పటిదాకా ఆ గోడలు చూడలేదు. శాసనం తెలుగు అర్థం ఒక నోట్‌బుక్కులో రాసుకుని తీసుకెళ్ళాను. గోడ పక్కన నిలబడి చదువుకుంటూ ఉంటే ఒకచోట ఆగిపోయాను. చీటీలున్న కుండను సభలో ఉన్న పూజారుల్లో వయసులో పెద్దాయన పైకెత్తి, అక్కడ చేరిన జనమంతా చూసేలా పట్టుకోవాలట. లోపల ఏముందో ఎరగని చిన్నపిల్లవాడు ఒక వాడ చీటీల కట్టను తీసి, ఇంకో ఖాళీ కుండలో వేసి కలిపి, అందులోంచి ఒక్క చీటీ తీసి మధ్యస్థుడికి ఇవ్వాలట. మధ్యస్థుడు దాన్ని ఐదు వేళ్ళూ విప్పి ఉంచిన అరచేతి మీద తీసుకోవాలట. ఆయన చదివాక, లోపలి మండపంలో ఉన్న పూజారులంతా అదే చీటీని మళ్ళీ చదవాలట.

ఐదు వేళ్ళూ విప్పి ఉంచిన అరచెయ్యి. ఆ ఒక్క మాట దగ్గర నా ఒళ్ళు జలదరించింది. గుప్పిట మూస్తే చీటీ మారిపోవచ్చని పదకొండు వందల ఏళ్ళ క్రితం ఒక ఊరివాళ్ళు ఆలోచించారు. ఆలోచించి ఊరుకోలేదు, సభ కూడే చోటే గోడ మీద చెక్కించారు. ఖాళీ పెట్టె వంచి చూపించినప్పుడు నేను చేసిన పనీ ఇదే కదా అనిపించింది.

మీకు తెలిసిన విషయాలే అయినా, ఈ ఉత్తరం చదివే తెలుగువాళ్ళ కోసం కొంచెం చెప్పనివ్వండి. మొదటి పరాంతక చోళుడి 12వ పాలనా సంవత్సరంలో ఒకటి, 14వ సంవత్సరంలో ఒకటి, అంటే క్రీ.శ. 919లో, 921లో ఈ రెండు శాసనాలు చెక్కారు. ఊరిని 30 వాడలుగా విభజించారు. వాటిని కుడుంబులు అన్నారు. ఒక్కో వాడ నుంచి అర్హులైనవాళ్ళ పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కట్టగట్టి కుండలో వేస్తారు. తమిళంలో కుడం అంటే కుండ, ఓలై అంటే తాటాకు. అందుకే ఈ పద్ధతికి కుడవోలై అని పేరు. అలా వచ్చిన 30 మందిలో 12 మంది సంవత్సర వారియానికి, 12 మంది తోటల వారియానికి, మిగిలిన ఆరుగురు చెరువు వారియానికి వెళతారు. వారియం అంటే కమిటీ. బంగారం నాణ్యత చూసే వారియం ఇంకొకటి ఉంది. గడువు 360 రోజులు. ఆ తర్వాత మళ్ళీ కుండ, మళ్ళీ చీటీలు.

లెక్కలు చెప్పనివాడి గురించి రాసిన నిబంధన చూస్తే మా ఊళ్ళ పెద్దమనుషులు ముక్కున వేలేసుకుంటారు. ఏ వారియంలోనైనా పనిచేసి లెక్క అప్పజెప్పనివాడి పేరు ఇక కుండలో పడకూడదు. అతని పేరొక్కటే కాదు. పెద్దమ్మ కొడుకు, పిన్ని కొడుకు, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, మామగారు, బావమరిది, చెల్లెలి మొగుడు, మేనల్లుడు, అల్లుడు, తండ్రి, కొడుకు, ఇలా వరసపెట్టి ఎవరి పేరూ పడకూడదు. దాదాపు ప్రతి వరసకూ మన భాషలో మాట ఉంది. తనకు అడ్డం వస్తే బావమరిదిని నిలబెట్టే అలవాటు ఎంత పాతదో ఆ చుట్టరికాల జాబితా చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. 919లో రాసుకున్న నిబంధనలను వాళ్ళే రెండేళ్ళకు మార్చుకున్నారు. మొదటి శాసనంలో వయసు 30కి పైన, 60కి లోపు ఉండాలి. రెండో దాంట్లో 35కి పైన, 70కి లోపు అయింది. ఈ రెండేళ్ళలో ఆ మండపంలో ఎన్ని వాదనలు జరిగి ఉంటాయో, ఎవరి చీటీ వచ్చినప్పుడు ఎవరు లేచి అడ్డం చెప్పారో అని నేను చాలాసేపు ఆలోచించాను. పాత నిబంధనను చెరిపెయ్యకుండా ఉంచి, కొత్తది మళ్ళీ చెక్కించారు. అందుకే మనకు రెండూ మిగిలాయి.

ఇక కట్టడం సంగతి. శిల్పాల కోసం వచ్చినవాళ్ళకు అక్కడ పెద్దగా కనిపించేది ఏమీ ఉండదు. నాట్యగత్తెలు లేరు, సింహంలాంటి యాళీ బొమ్మల వరసలు లేవు. చిన్న కట్టడం. నల్లరాతి పలకలతో పేర్చిన అధిష్ఠానం, అంటే పీఠం, దాని మీద సాదా గోడలు. సభ కూడిన మండపమే తర్వాతి కాలంలో గుడి అయిందనీ, మీద కనిపించే విమానం అప్పటి చేర్పనీ శాసన పండితులు చెబుతారు. అలంకారం లేని ఆ గోడల మీద అక్షరాలు మాత్రం వరసలు వరసలుగా సాగిపోతాయి. తమిళ మాటలు తమిళ లిపిలో, మధ్యలో సంస్కృతం మాటలు గ్రంథ లిపిలో. పలక అయిపోయినచోట వాక్యం ఆగదు, పక్క పలక మీదికి వెళ్ళిపోతుంది. అంటే ఒక్క పలక పెచ్చులూడినా ఒక నిబంధన నడుము విరిగినట్టే. మామూలు గుళ్ళో ఒక రాయి చెడితే అందం తగ్గుతుంది. ఇక్కడ ఒక రాయి చెడితే మాట పోతుంది. ఈ కట్టడాన్ని మిగతా వాటిలా కాకుండా వేరే కళ్ళతో చూడమని నేను అడిగేది ఇందుకే.

నా భయానికి వెనక ఒక సొంత అనుభవం ఉంది. మా సొంతూళ్ళో రెండు గదుల పెంకుల బడి ఉండేది. ముందు అరుగు, పక్కన వేపచెట్టు. నా మొదటి ఓటు అక్కడే వేశాను, మా అమ్మ కూడా అక్కడే వేసేది. తలుపు పక్కన గోడ మీద ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలింగ్ స్టేషన్ నంబరు, పేరు పెయింటుతో రాసేవాళ్ళు. పాతదాని మీద సున్నం కొట్టి, దాని మీద కొత్తది. ఒకచోట సున్నం ఉల్లిపొరలా లేచిపోయి, కింద పాత నీలం రంగు అంకె, దాని కింద ఇంకా పాతది, ఎర్రమట్టి రంగులో ఒక అంకె తోక కనిపించేది. చిన్నప్పుడు గోటితో గీకి చూసేవాణ్ణి. కొత్త గదులు కావాల్సి వచ్చి ఆ బడిని పడగొట్టారు. కొత్త గదులు అవసరమే, బాగానే కట్టారు, దానికి నేను వద్దనను. జేసీబీ వచ్చిన రోజు సాయంత్రానికి అక్కడ పెంకుల గుట్ట మాత్రమే ఉంది. పడగొట్టే ముందు ఆ గోడను ఒక్క ఫొటో తియ్యాలని పని చేయించినవాళ్ళకూ తోచలేదు, ఊరివాళ్ళకూ తోచలేదు, అప్పుడు సెలవులకు అక్కడే ఉన్న నాకూ తోచలేదు. ఆ మూడో మాట నన్ను ఇప్పటికీ పీడిస్తుంది.

ఉత్తరమేరూరు మండపానికి అలాంటి ముప్పు లేదని నాకు తెలుసు. అది మీ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితోనే కట్టాలి. ఈ రక్షణే లేకపోతే ఊరి నడుమ అంత పాత కట్టడం నిలిచేది కాదు. మీ శాఖకు ఈ శాసనాల మీద ఉన్న హక్కు కూడా చిన్నది కాదు. 1904-05 వార్షిక నివేదికలో వి. వెంకయ్య గారు వీటిని వివరంగా ప్రచురించబట్టే కదా దేశానికంతటికీ తెలిసింది. నేను అడిగేవి, ఆ రక్షణకు తోడుగా చెయ్యాల్సిన పనులు.

అన్నిటికంటే ముందు, ప్రతి పలకనూ ఈ రోజు ఉన్నది ఉన్నట్టు లేజర్ స్కాన్ చేయించండి. ఇప్పటికే చేసి ఉంటే దాన్ని అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టండి. తడి కాగితం గోడకు అంటించి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసే అచ్చులు మీ శాసన విభాగంలో తరాలుగా తీస్తున్నారు. పాత అచ్చులో స్పష్టంగా ఉన్న అక్షరం ఇప్పుడు రాతి మీద ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ అరుగుదల ఉందో చెప్పడానికి పెద్ద పండితుడు అక్కర్లేదు. పదేళ్ళకోసారి మళ్ళీ స్కాన్ చేసి పోల్చండి. మా బడిగోడ విషయంలో నేను చెయ్యలేకపోయిన పని అదే.

నల్లరాయి గట్టిదని మనకో ధీమా ఉంటుంది. నేల మట్టానికి దగ్గరగా ఉండే వరసలకు ఆ ధీమా పనికిరాదు. వాననీరు పునాది దగ్గర నిలిస్తే చెమ్మ పైకి పాకుతుంది, చెమ్మతో పాటు ఉప్పు వస్తుంది, పొరలు లేస్తాయి. ఈశాన్య రుతుపవనాల్లో కంచి ప్రాంతం వానలు ఎలా ఉంటాయో మా చిత్తూరు వైపువాళ్ళకు బాగా తెలుసు. నీరు పోయే దారిని ప్రతి ఏడూ అక్టోబరుకి ముందే చూసుకోవాలి. పలకల మధ్య సందులు పూడ్చాల్సి వస్తే సిమెంటు వద్దు, సున్నమే వాడండి. దక్షిణాదిలో ఎన్నో గుళ్ళలో ఇసుకను గాలితో కొట్టి శుభ్రం చేసి, శాసనాలను అరగదీసిన కథలు మీరూ విన్నవే. ఆ యంత్రం ఈ గోడ దరిదాపుల్లోకి రాకూడదు.

ఇక మనుషుల చేతులు. అక్షరాలు బాగా కనపడాలని సుద్ద రాసేవాళ్ళు, పిండి పూసేవాళ్ళు, భక్తితో పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నేను కూడా ఒక అక్షరం మీద వేలు పెట్టి దాని గాడి వెంట జరిపాను. రాయి చల్లగా ఉంది. గాడి అంచు నేను అనుకున్నంత పదునుగా లేదు. వెంటనే వేలు తీసేశాను. వచ్చే ప్రతివాడూ నాలాగే ఒకసారి వేలు పెడితే ఏమవుతుంది? గోడకు బారెడు దూరంలో ఒక సన్నని కడ్డీ, దాని మీద ఏటవాలు పలకలు పెట్టించండి. ఇదిగో ఈ వరసలో వయసు నిబంధన ఉంది, ఇక్కడ లెక్కలు చెప్పనివాడి చుట్టాల జాబితా మొదలవుతుంది, ఇక్కడ కుండ ఎత్తడం ఉంది, అని గోడకు ఎదురుగా నిలబడి చదువుకునేలా ఉండాలి. ముట్టుకోవాలని వేలు ఎందుకు పోతుందంటే, అర్థం కానిచోట మనిషి తడిమి చూస్తాడు. అర్థమైతే చూపుతోనే సరిపెట్టుకుంటాడు. ఆ పలకల మీద తమిళం, ఇంగ్లీషు, హిందీతో పాటు తెలుగు కూడా ఉండాలని నా కోరిక.

తెలుగు అడగడం దురాశ కాదనే అనుకుంటున్నాను. 13వ శతాబ్దంలో ఈ ఊరు తెలుగు చోడుల ఏలుబడిలో, విజయ గండగోపాలుడి కింద ఉంది. అంతకంటే దగ్గరి కారణం ఇంకొకటి ఉంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో గ్రామ పంచాయతీల గురించి చర్చ వచ్చినప్పుడు, ఇప్పటి 40వ అధికరణం రూపుదిద్దుకుంటున్న వేళ, ఉత్తరమేరూరు శాసనాన్ని సభ ముందుకు తెచ్చినవారు మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు. పంచాయతీకి రాజ్యాంగంలో చోటు కావాలని అడగడానికి ఆయన చేతిలో ఉన్న సాక్ష్యం ఈ గోడే. 2020 డిసెంబరు 10న కొత్త పార్లమెంటు భవనానికి శంకుస్థాపన చేస్తూ ప్రధానమంత్రి ఈ ఊరి పేరు చెప్పాక జనానికి కొంత తెలిసింది. ఆంధ్రకేసరి దానికి 72 ఏళ్ళ ముందే చెప్పారన్నది మా పిల్లలకు ఆ గోడ ముందే తెలియాలి.

ఇప్పుడు చెప్పబోయే కోరిక కొంతమందికి నచ్చకపోవచ్చు. ఈ మండపం గురించి రాసే ప్రతి బోర్డులో పూర్తి నిజం రాయండి. ప్రపంచంలో మొదటి ప్రజాస్వామ్యం అంటూ రాసేవాళ్ళను చూస్తున్నాను. అది నిజం కాదు. ఇది బ్రాహ్మణ అగ్రహారపు సభ. చీటీలో పేరు పడాలంటే పావు వేలికి (వేలి అంటే అప్పటి భూమి కొలత) పైగా శిస్తు కట్టే భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదం చదివి ఉండాలి. చదువు ఎక్కువుంటే అరపావు వేలి భూమి చాలన్నారు, అంతవరకే సడలింపు. ఆడవాళ్ళకు చోటు లేదు. ఆ చెరువు కింద పొలాలు దున్నినవాళ్ళకు, కలుపు తీసినవాళ్ళకు చోటు లేదు. పైగా ఇది ఓటు కాదు, లాటరీ. కుండ ఎవరినీ ఎంచుకోలేదు, చెయ్యి తగిలిన చీటీ వచ్చింది.

ఈ మాట రాస్తే మండపం గౌరవం తగ్గుతుందని మీరు అనుకోవద్దు. నా క్లాసులో ఒక ఆడపిల్ల అడిగిన ప్రశ్న చెబుతాను. కుండ గురించి చెబుతుంటే లేచి, “సార్, ఆ కుండలో మా అమ్మ పేరు వేసేవాళ్ళా?” అంది. వాళ్ళమ్మ అప్పటికి వార్డు మెంబరు. లేదమ్మా అన్నాను. “మరి ఇప్పుడెలా వేశారు?” అంది. అక్కణ్ణించి 73వ సవరణ గురించి, 1993 ఏప్రిల్ 24 గురించి, ఆడవాళ్ళ రిజర్వేషన్ గురించి ఆ రోజు నేను చెప్పిన పాఠం అంతకు ముందెప్పుడూ అంత బాగా చెప్పలేదు. పూర్తి నిజం చెబితేనే ఆ ప్రశ్న వచ్చింది. బోర్డు మీద సగం మాట రాస్తే, చదివిన పిల్ల చప్పట్లు కొట్టి బస్సెక్కేస్తుంది.

పట్టణ పంచాయతీ వారికి రెండు మాటలు. ఈ మండపంలో చీటీలతో ఎంపికైన చెరువు వారియం కాపాడిన వైరమేఘ తటాకం మీ ఊరి చెరువే. మండపానికి వచ్చినవాళ్ళకు ఆ చెరువుకు దారి చూపించే బోర్డు ఒకటి పెట్టండి. గోడ మీద చెరువు కమిటీ గురించి చదివి, నాలుగడుగులు వేసి ఆ నీళ్ళు చూస్తే కలిగే తృప్తి వేరు. రెండోది, పంచాయతీ దినోత్సవం ఏప్రిల్ 24న గానీ, ఓటర్ల దినోత్సవం జనవరి 25న గానీ, కొత్తగా ఎన్నికైన మెంబర్లు మండపం ముందు కూర్చుని ఈ నిబంధనలు పైకి చదవాలి. షామియానా, మైకుసెట్టు, పూలమాలలు వద్దు. గోడకు మేకు కొట్టకుండా, దీపం పెట్టకుండా, కింద కూర్చుని చదివితే చాలు. లెక్కలు చెప్పనివాడి చుట్టాల జాబితా మాత్రం ఒక్క వరస వదలకుండా చదివించండి.

మీ దగ్గర సిబ్బంది తక్కువ, చూడాల్సిన కట్టడాలు ఎక్కువ అన్నది నాకు తెలియనిది కాదు. అడిగినవన్నీ ఒక్కసారే కావని కూడా తెలుసు. ఒక్కటే ముందు చెయ్యగలమంటే స్కాన్ చెయ్యండి. పలకల మీద తెలుగు అనువాదం రాసిపెట్టడానికి మనిషి కావాలంటే నేను ఉన్నాను. డబ్బు అక్కర్లేదు, వేసవి సెలవుల్లో సొంత ఖర్చులతో వచ్చి చేస్తాను. అది సరిగా ఉందో లేదో మీ పండితులు చూసి దిద్దితే చాలు.

వచ్చే జనవరిలో మా తొమ్మిదో తరగతి పిల్లల్ని కంచి తీసుకొస్తున్నాము. దారి మార్చి ఉత్తరమేరూరుకి కూడా తీసుకొస్తాను. నలభై రెండు మంది. గోడకు బారెడు దూరంలో నిలబెడతాను. మట్టికుండ ఒకటి, తాటాకు ముక్కలు కొన్ని మావే తెచ్చుకుంటాం. ఆ ఆవరణలో, చెట్టు నీడన, మీ కాపలాదారు గారి ఎదురుగానే చీటీ తీసి చూపించడానికి అనుమతి ఇస్తూ ఒక్క ముక్క జవాబు రాయండి. కుండ పైకెత్తేది ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే.

ఇట్లు,
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి జిల్లా